నా మెడ మీద గడ్డ, చేతిలో ఫోను

జగ్గయ్యపేటలో మాది పురుగుమందుల కొట్టు. ఇరవై ఆరేళ్ళుగా అదే కౌంటరు, అదే కుర్చీ. రైతులు చేతిలో ఒక ఆకు పట్టుకొని వస్తారు. "శేషు గారూ, దీనికేం కొట్టమంటారు?" అని అడుగుతారు. నేను కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, భూతద్దం పెట్టి ఆకు కిందివైపు చూసి, ఆ తర్వాత తప్పకుండా అనే మాట ఒకటుంది. "ఒక్కాకు తెస్తే ఎలాగయ్యా? మొక్క మొత్తం పీక్కురా, వేరుతో సహా. చేలో ఎన్ని మొక్కలకుందో చూసి రా. నీళ్ళెప్పుడు పెట్టావో, ఇంతకు ముందు ఏం కొట్టావో గుర్తు తెచ్చుకొని రా." ఈ మాట మీద నాకు చుట్టుపక్కల ఊళ్ళల్లో కొంచెం పేరు కూడా ఉంది. ఇంత తెలివైనవాణ్ణి, నాకు జబ్బు చేసినప్పుడు ఎంత తెలివితక్కువగా ప్రవర్తించానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను కాబట్టి మీరు హాయిగా నవ్వుకోవచ్చు. మా ఆవిడ పద్మ ఎలాగూ రోజూ నవ్వుతూనే ఉంది.

కిందటేడు జూన్‌లో మొదలైంది. పత్తి విత్తనాల సీజను, అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు. మంగలి షాపులో గడ్డం గీయించుకుంటుంటే అతను మధ్యలో చెయ్యి ఆపి, "ఇక్కడేదో గడ్డలాగుందండీ" అన్నాడు. కుడి చెవి కింద, మెడ పక్కన. చెయ్యి పెట్టి చూసుకుంటే రేగిపండంత ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. జూలై వచ్చేసరికి అది ఉసిరికాయంత అయింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఆకలి తగ్గింది. బెల్టు రెండు కన్నాలు లోపలికి వచ్చింది. ఆ బెల్టు సంగతి మాత్రం నాకు సంతోషంగానే ఉండేది, ఎందుకంటే పదేళ్ళుగా పద్మ నా పొట్ట గురించి సణుగుతోంది.

అప్పుడు ఫోను తీశాను. తెలుగులో టైపు చేయడం నాకు చేతకాదు, మైకు గుర్తు నొక్కి మాట్లాడటమే. కొట్లో ఎవరూ లేరు కదా అని "మెడ మీద గడ్డ" అన్నాను. ఫోను ఉలకలేదు, పలకలేదు. "మెడ మీద గడ్డ! నొప్పి లేదు!" అని గట్టిగా అరిచాను. పక్క హార్డ్‌వేర్ షాపాయన తల బయటపెట్టి "ఎవరికండీ?" అన్నాడు. "ఎవరికీ లేదండీ" అన్నాను.

మొదట వచ్చిన దాంట్లోనే క్యాన్సరు ఉంది. రెండో దాంట్లో క్యాన్సర్లు ఎన్ని రకాలో ఉంది. మూడోది వీడియో. అందులో ఒకాయన వేలు చూపిస్తూ, ఈ ఒక్క లక్షణం కనిపిస్తే ఇక ఆలస్యం చేయొద్దన్నాడు. ఏం చేయాలో మాత్రం చెప్పకుండా ఇంకో వీడియో చూడమన్నాడు. అరగంటలో నాకు నాలుగు రకాల క్యాన్సర్లు వచ్చేశాయి. నేను ఫోనుకి ఒక్కాకు మాత్రమే చూపిస్తున్నానన్న సంగతి నాకు తట్టలేదు. సాయంత్రం జ్వరం సంగతి చెప్పలేదు, బెల్టు సంగతి చెప్పలేదు, ఎన్నాళ్ళయిందో చెప్పలేదు. చెప్పినా అది నా మెడ పట్టుకొని చూడలేదు కదా.

నేను ఎవరికీ చెప్పలేదు గానీ ఫోను చెప్పేసింది. ఒకసారి వెతికితే చాలు, ఇక రోజంతా అవే చూపిస్తుంది. పద్మ వాళ్ళ అక్కతో మాట్లాడదామని నా ఫోను తీసుకొంది.

"ఏవండీ, మీ ఫోను నిండా ఈ గడ్డలేంటి?"

"అవి ప్రకటనలే."

"ప్రకటనలు నా ఫోనుకి చీరలవి వస్తాయి. మీకు గడ్డలవెందుకొస్తన్నాయి?" అని నా మొహంలోకి చూసింది. కాలరు మీద నుంచి నా చెయ్యి తీయించి మెడ తడిమింది. "ఎన్నాళ్ళయింది?" అంది. "నెలన్నర" అన్నాను. "నెలన్నర నుంచీ ఫోనుకి చెప్పుకుంటన్నారు, నాకు చెప్పబుద్ధి కాలా?" అని లోపలికి వెళ్ళిపోయింది. అంత తిట్టు ఆమె నన్ను ఎప్పుడూ తిట్టలేదు.

మర్నాడే నందిగామ వెళ్ళాం. జగ్గయ్యపేటలో డాక్టర్లు లేక కాదు. ఇక్కడ ఆసుపత్రి మెట్లెక్కితే, నేను డాక్టరు గదిలోకి వెళ్ళేలోపు బజారంతా తెలిసిపోతుంది. నందిగామలో అయితే మనల్ని పట్టించుకునే వాళ్ళు తక్కువని నా లెక్క.

అక్కడి ఆసుపత్రి వరండాలో మూడు గంటలు కూర్చున్నాం. ఒక పెద్దాయన ఎక్స్‌రే కవరుతో విసురుకుంటున్నాడు. ఎదురు బెంచీ మీద ఇద్దరు ఒకరి ఫోను ఒకరికి చూపించుకుంటూ, మీకిది అయ్యుంటుంది, కాదు మీకే అది అయ్యుంటుంది అని జబ్బులు పంచుకుంటున్నారు. నా చేతులు వణుకుతున్నాయని నాకు తెలియలేదు గానీ, పక్కనున్న చందర్లపాడు ముసలమ్మకి తెలిసింది. సంచీలోంచి ఒక జామకాయ తీసి నా చేతిలో పెట్టి, "తిను నాయనా, ఖాళీ కడుపుతో భయపడితే ఎక్కువైద్ది" అంది. తిన్నాను. నిజంగానే కొంచెం తగ్గింది.

డాక్టరమ్మ మెడ పట్టుకొని చూసింది. ఎన్నాళ్ళుగా ఉంది, సాయంత్రం జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, దగ్గు ఉందా, ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా అని వరసగా అడిగింది. నేను రైతుల్ని అడిగే ప్రశ్నల్లాగానే ఉన్నాయవి. సూదితో గడ్డలోంచి కొంచెం తీసి పరీక్షకి పంపించారు. ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఫలితానికి నాలుగు రోజులన్నారు. ఆ నాలుగు రోజులూ నేను చేసిన ఒకే ఒక మంచి పని, ఫోను పద్మకి ఇచ్చేయడం. ఆమె దాన్ని పప్పుల డబ్బాలో దాచింది.

నాలుగో రోజు డాక్టరమ్మ కాగితం చూసి "క్యాన్సరు కాదండీ. టీబీ గడ్డ" అంది. నేను లేచి నిలబడి "చాలా థాంక్సండీ!" అన్నాను, లాటరీ తగిలినంత సంబరంగా. పద్మ నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది. "ఆరు నెలలు మాత్రలు వాడాలి. ఒక్క రోజు కూడా మానకూడదు. తగ్గిపోతుంది. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు, కాబట్టి మీ నుంచి ఎవరికీ అంటదు" అని డాక్టరమ్మ ఇంకా ఏదేదో చెప్పింది. క్యాన్సరు కాదన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి.

తిరుగు బస్సు చిల్లకల్లు దాటాక గానీ టీబీ అన్న మాట లోపలికి దిగలేదు. బజార్లో కొట్టు. పొద్దున లేస్తే వందమందితో మాట్లాడతాను. నా కౌంటరు మీద చేతులు పెట్టి నిలబడతారు. టీబీ అంటే రేపట్నుంచి ఎవరొస్తారు?

"పద్మా, ఎవరడిగినా థైరాయిడ్ అందాం."

"ఎందుకు? అంటదని చెప్పిందిగా ఆవిడ?"

"ఆవిడ చెప్పింది నీకూ నాకూ. బజారుకి చెప్పలేదు."

"థైరాయిడ్ మాత్రం ఏం గొప్పండీ?"

"గొప్పేం కాదు. మర్యాదగా ఉంటది."

పద్మ కిటికీ వైపు తిరిగింది. ఊళ్ళో దిగీ దిగగానే హార్డ్‌వేర్ షాపాయన అడిగాడు, థైరాయిడ్ అని చెప్పాను. చెప్పడం చాలా తేలికగా ఉంది. వారంలో బజారంతా నాకు థైరాయిడ్ సలహాలు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇంట్లో నేనే పెద్ద వైద్యుణ్ణి అయిపోయాను. పప్పుల డబ్బాలోంచి ఫోను బయటికి వచ్చేసింది మరి. టీబీ ఉన్నవాడి కంచం వేరుగా ఉండాలని ఎక్కడో చదివి, కంచం, గ్లాసు వేరు పెట్టుకున్నాను. పడక మేడ మీద గదిలోకి మార్చాను. పద్మ రెండు రోజులు చూసింది. మూడో రోజు నేను భోంచేస్తుంటే వచ్చి పక్కన కూర్చుని, నా గ్లాసు తీసుకొని, నేను తాగగా మిగిలిన నీళ్ళు గటగటా తాగేసింది. "అంటదని డాక్టరమ్మ చెప్పింది. నేను విన్నా. మీరు వినలా. ఇంక కిందకి దిగండి" అంది. ఆ సాయంత్రమే పరుపు కిందికి తెచ్చుకున్నాను.

ఆగస్టు మొదట్లో మాత్రలు మొదలుపెట్టాను. రెండో రోజు పొద్దున బాత్‌రూములో చూస్తే మూత్రం నారింజ రంగులో ఉంది. నేను వేసిన కేకకి పద్మ తలుపు బాదింది. ఆమె తలుపు బాదుతుండగానే నేను లోపల మైకులోకి "మూత్రం ఎర్రగా" అని చెప్పేశాను, కిడ్నీలు పోయినట్టు ఫోను తేల్చేసింది కూడా. బయటికి వచ్చి చెప్తే, "ఆ మాత్రలకి అట్టాగే రంగొస్తదని ఆవిడ రెండుసార్లు చెప్పింది కదండీ!" అని పద్మ గోడకి ఆనుకొని పడీ పడీ నవ్వింది. నేను మాత్రం పావుగంట తర్వాత నవ్వాను.

నవ్వలేనిది ఆ తర్వాత వచ్చింది. మూడో వారం నుంచి వికారం. అన్నం చూస్తే కడుపులో తిప్పేది. కాఫీ వాసన పడేది కాదు. కొట్లో ఎప్పుడూ పట్టించుకోని మందుల ఘాటు కూడా వికారంగా తోచేది. ఒక మధ్యాహ్నం బేరాల్లేని వేళ ఫోను తీసి "టీబీ మందులు లివర్ పాడు" అన్నాను. అంతే, ఒక వెబ్‌సైటు తెరుచుకుంది. పైన పచ్చటి ఆకులు. పక్కన తెల్లకోటు వేసుకున్న ఒకాయన, మెడలో స్టెతస్కోపు, చక్కటి నవ్వు. మీ డాక్టరు మీకు చెప్పని నిజం అని పెద్దక్షరాలు. ఆ మాత్రలు లివర్ని తినేస్తాయనీ, ఆసుపత్రులకి అది తెలిసినా చెప్పవనీ, తమ పొడి నలభై రోజులు వాడితే గడ్డ దానంతటదే కరిగిపోతుందనీ రాశారు. కింద బాగైనవాళ్ళ ఫొటోలు. చదువుతుంటే నా మనసులో ఉన్నదంతా ఎవరో కూర్చుని రాసినట్టుంది. అక్కడికక్కడే పొడి తెప్పించాను, కొట్టు చిరునామాకి.

పొడి వచ్చిన రోజు నుంచి మాత్రలు మానేశాను. పద్మకి తెలియకుండా. ఆమె ఎదురుగా మాత్రలు అరచేతిలో పోసుకొనేవాణ్ణి, ఆమె వంటింటివైపు తిరగ్గానే జేబులో వేసుకొనేవాణ్ణి. నాలుగు రోజుల్లో వికారం పోయింది. కాఫీ రుచిగా ఉంది. చూశావా పొడి ఎంత బాగా పనిచేస్తోందో అనుకున్నాను. మాత్రలు మానేస్తే వాటివల్ల వచ్చిన వికారం పోకుండా ఎక్కడికి పోతుంది? ఆ లెక్క నాకు తట్టలేదు. ఇలా పదకొండు రోజులు గడిచాయి.

పన్నెండో రోజు పొద్దున వీరులపాడు నుంచి కోటేశ్వరరావు వచ్చాడు. పదిహేనేళ్ళుగా మా కొట్టుకే వచ్చే రైతు. వస్తూనే కౌంటరు మీద ఒక డబ్బా పెట్టాడు. మొహం మాడిపోయి ఉంది.

"శేషు గారూ, ఫోన్లో వీడియో చూసి ఈ మందు తెప్పించా. పత్తికి కొట్టా. ఆకు మీద దోమ చావలా గానీ ఆకే మాడింది."

నాకు తిక్క రేగింది. అరుగు మీద ఉన్న నలుగురైదుగురు రైతులూ వినేలా అందుకున్నాను. "డబ్బా ముందువైపు బొమ్మ ఎవడైనా వేస్తాడయ్యా! వెనక్కి తిప్పి చూడద్దా? రిజిస్ట్రేషన్ నంబరేది? బ్యాచ్ నంబరేది? ఎప్పుడు తయారైంది, ఎప్పటిదాకా పనిచేస్తది? చేసినోడి అడ్రసేది? విషం ఎంతో చెప్పే రంగు త్రికోణమేది? ఏ పురుగుకైనా ఒకటే మందని రాసుకున్నాడు చూడు, ఆ ముక్క చదివిన చోటే పారెయ్యాల్సింది. రేపు చేను పోతే నువ్వు ఎవణ్ణి పట్టుకుంటావు?"

"నిజమేనండీ" అన్నాడు కోటేశ్వరరావు, తల గోక్కుంటూ.

ఇంతలో పద్మ వచ్చింది. ఆ వేళప్పుడు ఆమె కొట్టుకి రాదు. ఒక చేతిలో ఉతకడానికి తీసిన నా చొక్కా. రెండో చేతిలో, నేను ఇంట్లో గోతాం సంచుల వెనక దాచానని అనుకుంటున్న పొడి డబ్బా. ఒక్క మాటన్నా అనకుండా దాన్ని కోటేశ్వరరావు డబ్బా పక్కన పెట్టింది. తర్వాత చొక్కా జేబులోంచి మాత్రలు తీసి వాటి పక్కన ఒక్కొక్కటే పేర్చింది.

"ఈ డబ్బా కూడా వెనక్కి తిప్పి చూడండి" అంది.

కోటేశ్వరరావు నావైపు చూశాడు. "ఇది దేనికండీ?"

"మా ఆయన మెడ మీద గడ్డకి."

"ఏం గడ్డండీ?"

"థైరాయిడ్" అన్నాను నేను, పద్మ నోరు తెరిచేలోపే. ఆమె నన్నొక చూపు చూసింది, అంతే.

కోటేశ్వరరావు డబ్బా అందుకొని తిప్పాడు. నా మాటలే నాకు అప్పజెప్పాడు. "బ్యాచ్ నంబరు లేదు. తారీఖు లేదు. అడ్రసు లేదు, ఉత్త ఫోను నంబరుంది. అన్ని రకాల గడ్డలకీ, షుగరుకీ, కీళ్ళనొప్పులకీ, జుట్టు రాలటానికీ ఒకటే పొడంట." డబ్బా కింద పెట్టి, "నాదాని కంటే ఇదే నయం లెండి, జుట్టుకి కూడా పనికొస్తది" అన్నాడు. అరుగు మీద అందరూ నవ్వారు. నేను కుర్చీలోకి కూలబడ్డాను.

పద్మ ఊరుకోలేదు. "ఆ ఫోన్లో అమ్మేవాడిది కూడా తిప్పి చూద్దాం" అని పొడి అమ్మే పేజీ తెరిపించింది. నేను అంతకుముందు ఎప్పుడూ పేజీ అడుగుదాకా వెళ్ళలేదు. వెళ్ళాం. మా గురించి అని ఉన్నచోట నొక్కితే ఖాళీ పేజీ వచ్చింది. తెల్లకోటాయన పేరు ఎక్కడా లేదు, ఏం చదివాడో లేదు. ఆ సంగతులు ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో లేదు. ఎక్కడ చదవడం ఆపినా కొనండి అనే బొత్తం మాత్రం ఉంది. బాగైనవాళ్ళ ఫొటోల్లో ఒకే ఆవిడ మూడు పేర్లతో ఉంది. ఒకచోట కర్నూలు, ఒకచోట వరంగల్లు, ఇంకోచోట ఆవిడకి మీసం ఒక్కటే తక్కువ, పేరు మగవాళ్ళది. అన్నిటికన్నా అడుగున ఆవగింజంత అక్షరాలు ఉన్నాయి. నేను అలవాటుగా భూతద్దం తీశాను.

"రెండు వేళ్ళతో లాగితే అదే పెద్దదవుతదండీ" అంది పద్మ.

లాగాను. ఇది వైద్య సలహా కాదు, ఫలితాలకి మాది బాధ్యత కాదు అని ఉంది.

నేను భయపడింది అందుకు కాదు. రైతులకి నేను రోజూ చెప్పే ఇంకో మాట గుర్తొచ్చింది. మందు అరకొరగా కొట్టి మధ్యలో ఆపితే పురుగు మొండికేస్తుంది, ఆ తర్వాత అదే మందు ఎంత కొట్టినా చావదు. నేను నా ఒంట్లో చేసిందదే. పదకొండు రోజులు.

ఆ మధ్యాహ్నమే నందిగామ బస్సెక్కాం. దారి పొడుగునా పద్మ మాట్లాడలేదు. నేను కిటికీ చువ్వ పట్టుకొని, దేవుడా ఆమె తిట్టినా బాగుండు అనుకుంటూ కూర్చున్నాను. డాక్టరమ్మ దగ్గర మాత్రం దాచలేదు. చొక్కా జేబు సంగతి కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె కలం కింద పెట్టింది.

"వికారంగా ఉందని నాకెందుకు చెప్పలేదండీ?"

"ఇంత చిన్న విషయానికి ఏం పోతాంలే అని…"

"చిన్న విషయమని మాత్రలు మానేశారా?"

రక్తపరీక్ష చేయించింది. సాయంత్రానికి ఫలితం వచ్చింది, లివరుకి ఏమీ కాలేదు. "ఈ మందులతో కొందరికి లివరుకి ఇబ్బంది రావడం నిజమే. అందుకే చూస్తూ ఉంటాం. ఆ వెబ్‌సైటువాడు సగం నిజం చెప్పి మిగతా సగంలో వాడి పొడి కలిపాడు" అంది. వికారం తగ్గడానికి ఇంకో మాత్ర రాసింది. కళ్ళు పచ్చబడినా, కడుపునొప్పి వచ్చినా ఆ రోజే రమ్మంది. తర్వాత "ఆ ఫోనులో ఏమని అడిగారు?" అంది.

"టీబీ మందులు లివర్ పాడు అని."

"పాడు అని అడిగితే పాడయ్యేవే చూపిస్తది. నేనూ వెతుకుతానండీ, వెతకనివాళ్ళు ఎవరున్నారు? కానీ భయాన్ని అడక్కూడదు, విషయాన్ని అడగాలి. టీబీ మందులు వాడేటప్పుడు జాగ్రత్తలు అని అడగండి, ఇదుగో" అని తన ఫోను మాకు చూపించింది. పైన వచ్చిన రెండూ ప్రకటనలని, వాటి పక్కన చిన్నగా ఆ మాట రాసి ఉంటుందని చూపించింది. వాటిని దాటి కిందికి దిగింది. చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉంటే అది ప్రభుత్వానిది, మెడికల్ కాలేజీలవి, పెద్దాసుపత్రులవి కూడా ఉంటాయి, ముందు వాటిని చూడమంది. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, మనకేమైనా అమ్ముతున్నారా అని చూడమంది. ఒకచోట చదివింది, దానితో సంబంధం లేని ఇంకోచోట కూడా ఉందో లేదో చూసుకోమంది. చివరికి, "తెలుసుకోడానికి ఫోను దగ్గరికి వెళ్ళండి. తేల్చుకోడానికి నా దగ్గరికి రండి" అంది. పద్మ ఇవన్నీ ఆసుపత్రి చీటీ వెనక రాసుకొంది. నేను మొదటిసారి చెవులు రెండూ పెట్టి విన్నాను.

"జబ్బు మొండికేసిందంటారా?" అని అడిగాను లేవబోతూ.

"ఇప్పుడే చెప్పలేం. రెండు నెలలు చూద్దాం" అంది.

ఆ రెండు నెలలూ నేను ఎలా బతికానో నాకే తెలియదు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టిన కొత్తలో గడ్డ ఇంకాస్త ఉబ్బినట్టు అనిపించింది. పూర్వపు నేనైతే మైకులో అరిచేవాణ్ణి. ఈసారి ఆసుపత్రికి ఫోను చేసి అడిగాను. కంగారు పడొద్దు, ఒక్కోసారి అలా అవుతుంది, రేపొచ్చి చూపించండి అన్నారు. పద్మ రోజూ నేను మాత్రలు మింగాక నోరు తెరిపించి చూసేది, నాలుక పైకెత్తమనేది. "పద్మా, నేను నీ మొగుణ్ణి" అనేవాణ్ణి. "అందుకే నాలుక కింద కూడా చూస్తన్నా" అనేది. దసరాకి గడ్డ రేగిపండంత అయింది. దీపావళికి వేలితో వెతుక్కోవలసి వచ్చింది. ఒక సాయంత్రం ఒళ్ళు వెచ్చబడకపోవడం గమనించి, ఇద్దరం చెరో కప్పు కాఫీ తాగి, ఎందుకో తెలియకుండానే అరగంట నవ్వుకున్నాం.

మానేసిన రోజులకి సరిపడా కొంత పొడిగించి, ఫిబ్రవరిలో డాక్టరమ్మ "ఇంక మాత్రలు ఆపేయండి" అంది. పద్మ ఆవిడ చెయ్యి పట్టుకొని ఏడ్చేసింది. నందిగామ బస్టాండు దగ్గర వేడి వేడి పునుగులు తిన్నాం. బెల్టు కన్నాలు కూడా యథాస్థానానికి బయల్దేరాయి.

ఆ మరుసటి వారం కోటేశ్వరరావు వచ్చాడు, మిర్చి కోతలు సాగుతున్న రోజులు. కొట్లో ఇంకో నలుగురున్నారు. నా మెడవైపు చూసి సంతోషపడ్డాడు.

"మొత్తం పోయిందండీ! ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్తా. దానికీ ఇట్టాగే లేచింది మెడ పక్కన."

"ఎప్పుడు?"

"దీపావళి ముందండీ. మేమేం కంగారు పడలా. శేషు గారిక్కూడా ఇట్టాగే వచ్చింది, థైరాయిడేలే అనుకున్నాం. మందుల షాపులో అడిగి థైరాయిడ్ బిళ్ళలు తెచ్చి వేస్తన్నా."

"డాక్టరుకి చూపించలేదా?"

"మీది తగ్గిందిగా, ఇదీ తగ్గుద్ది అని ఊరుకున్నాం. కాకపోతే మనిషి బాగా చిక్కింది."

అతను ఏ వెబ్‌సైటునీ నమ్మలేదు. నన్ను నమ్మాడు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే చోట కొట్టు ఉన్నవాణ్ణి, పేరూ చిరునామా ఉన్నవాణ్ణి, తప్పు మందిస్తే తిరిగొచ్చి చొక్కా పట్టుకొని అడగగలిగినవాణ్ణి. నా కౌంటరు మీద డబ్బాలు ఎలా తిప్పి చూడాలో నేర్చుకున్న మనిషి, నా మాటని మాత్రం తిప్పి చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని అతనికెందుకు తోస్తుంది?

"కోటేశ్వర్రావు గారూ, నాది థైరాయిడ్ కాదు" అన్నాను. "టీబీ. ఆరు నెలల పైన మాత్రలు మింగా. బజార్లో తలెత్తుకోలేనని అబద్ధం చెప్పా. మీకూ చెప్పా."

కౌంటరు మీదున్న ఒక చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళడం చూశాను.

"ఆ రోజే చెప్తే ఏం పోయేదండీ?" అన్నాడు కోటేశ్వరరావు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"తప్పయిపోయింది. మీ ఆవిడకి ఏంటో నేను చెప్పను, నాకు తెలీదు. రేపు పొద్దున మొదటి బస్సుకి తీసుకురండి. నందిగామ నేనూ వస్తా, పద్మా వస్తది."

"కొట్టో?"

"మూస్తా."

అతను తలూపి వెళ్ళాడు. మిగతావాళ్ళలో ఒకాయన నోట్లు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ అందరూ వెళ్ళేదాకా ఆగుదామని చూశాడు. ఎవరూ వెళ్ళకపోయేసరికి కౌంటరు మీదకి వంగి, నా చెవి దగ్గర, "ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటదండీ?" అని గుసగుసగా అడిగాడు.

నేను అందరికీ వినపడేలా, గట్టిగా చెప్పాను.